పప్పెట్ మాస్టర్: నెల్లూరు మేడ మీద మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా కార్తీక మాసంలో, వాన తెరిపి ఇచ్చిన ఒక శనివారం రాత్రి, నెల్లూరులో మా మేడ మీద తెల్ల దుప్పటి కట్టి ఇదే సినిమా వేస్తాం. పన్నెండు మందితో మొదలైన గుంపు ఇది. ఇప్పుడు ఒంగోలు నుంచీ, కావలి నుంచీ, ఉదయగిరి నుంచీ కూడా వస్తున్నారు. వచ్చిన ప్రతి కొత్తవాళ్లూ అవే ప్రశ్నలు అడుగుతున్నారు, మేమూ అవే జవాబులు చెబుతున్నాం. చెప్పి చెప్పి విసుగు పుట్టి ఇలా రాసి పెట్టాను. అభిప్రాయాలు మా గుంపువి. చేపల పులుసులో మామిడికాయ పడాలన్న ఒక్క మాట మీద తప్ప మాలో ఎవరికీ ఎవరితోనూ పొత్తు కుదరదని ముందే మనవి.

అసలు ఏమిటీ సినిమా?

1989లో అమెరికాలో వచ్చిన చవక ఖర్చు భయానక చిత్రం. దర్శకుడు డేవిడ్ ష్మోలర్, కార్యనిర్వాహక నిర్మాత చార్లెస్ బ్యాండ్, సంస్థ పేరు ఫుల్ మూన్. కథ 1939లో కాలిఫోర్నియా సముద్రతీరంలో, బోడెగా బే అనే చోట ఒక హోటల్లో మొదలవుతుంది. ఆంద్రె టూలాన్ అనే ముసలి బొమ్మలవాడికి కొయ్యబొమ్మకు ప్రాణం పోసే ప్రాచీన ఈజిప్టు రహస్యం తెలుసు. ఆ రహస్యం కోసం నాజీ గూఢచారులు మెట్లెక్కి వస్తుంటే, ఆయన బొమ్మలన్నిటినీ పెట్టెలో సర్ది, గోడ లోపల దాచి, తుపాకీతో కాల్చుకుని చనిపోతాడు. యాభై ఏళ్ల తరువాత అదే హోటల్‌కు అతీంద్రియ శక్తులున్న నలుగురు వస్తారు. వాళ్ల పాత స్నేహితుడు నీల్ గాలఘర్ అక్కడే చనిపోయాడు. శవపేటిక హాల్లో ఉంది, భార్య మేడ మీద ఉంది, గోడలో ఉండాల్సిన పెట్టె ఖాళీగా ఉంది. ఇక రాత్రి పడుతుంది.

థియేటర్లో ఆడిందా? మీరు ఎక్కడ చూశారు?

థియేటర్లలో వేయాలనే మొదట అనుకున్నారు. వీడియో క్యాసెట్ల మీదే ఎక్కువ డబ్బు వస్తుందని లెక్క వేసుకుని నేరుగా క్యాసెట్టుగా విడుదల చేశారు. ఆ లెక్క తప్పలేదు. దాని చలవతోనే ఇన్ని భాగాలు వచ్చాయి.

నేను చూసింది ట్రంకు రోడ్డు పక్క సందులో, ఒక అద్దె దుకాణం నుంచి తెచ్చిన క్యాసెట్టులో. అట్ట మీద బొమ్మలున్నాయి కదా, పిల్లల సినిమా అయి ఉంటుందని మా నాన్నే స్వయంగా ఏరి తెచ్చారు. పావుగంట తరువాత మా అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నాన్న మాత్రం పది రూపాయలు పెట్టానన్న పట్టుదలతో కూర్చున్నారు. అసలు దెబ్బ చివర్లో తగిలింది. ఆఖరి పది నిమిషాల మీద ఎవరిదో పెళ్లి రికార్డు చేసి ఉంది. నీల్ లిఫ్టు వైపు పరుగెత్తుతాడు, టక్కున తలంబ్రాలు మొదలవుతాయి. ముగింపు ఏమిటో తెలుసుకోవడానికి నాకు తరువాత పదకొండేళ్లు పట్టింది. ఆ పెళ్లికూతురి మొహం మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

భయం వేస్తుందా?

నిజం చెప్పాలంటే పెద్దగా వేయదు. మొదటిసారి చూసేవాళ్లు చేసే ఫిర్యాదూ ఇదే: బొమ్మలు ఎప్పుడు వస్తాయా అని కాచుకుని కూర్చుంటే మనుషులే మాట్లాడుతుంటారు. ఆ మాటలేమో అతుకుల బొంత. నలుగురు అతిథుల్లో జోస్యం చెప్పే డేనా అనే ఆవిడ ఒక్కతే కాస్త నోటి దురుసుతో గుర్తుండిపోతుంది. తక్కినవాళ్ల పేర్లు నాలుగోసారి చూసినా నోటికి రావు. తొంభై నిమిషాల చిత్రంలో మొదటి సగం దాదాపు నత్తనడక. మా గుంపులో ఒకాయన ఆ సగంలో కింది వీధికి దిగి టీ తాగి వస్తాడు, ఏమీ పోగొట్టుకోడు.

కానీ మొట్టమొదటి అయిదు నిమిషాలు మాత్రం విడవకండి. ఒక చిన్న బొమ్మ కంటితో చూస్తున్నట్టుగా కెమెరా నేలకు జానెడు ఎత్తులో హోటల్ వరండాల్లో, పూలకుండీల చాటున, మెట్ల మీద పరుగులు తీస్తుంది. ఛాయాగ్రాహకుడు సెర్జియో సాల్వాటి, ఇటలీ భయానక చిత్రాల్లో చేయి తిరిగినవాడు. అక్కడ భయం కన్నా తొందర ఎక్కువ కనిపిస్తుంది. యజమానికి శత్రువులు వస్తున్నారని చెప్పడానికి పరుగెత్తే పెంపుడు ప్రాణి తొందర అది. నా లెక్కలో ఈ సినిమా అంతా ఆ పరుగులోనే ఉంది. చంపుళ్లు తరువాతి సంగతి.

సంగీతం రిచర్డ్ బ్యాండ్‌ది, చార్లెస్ బ్యాండ్‌కు తమ్ముడు. తిరునాళ్లలో రంగులరాట్నం తిరుగుతుంటే పక్క వీధిలో ఎవరో ఏడుస్తున్నట్టుగా ఉంటుంది ఆ బాణీ. సినిమా నచ్చనివాళ్లు కూడా దాన్ని ఈలతో వేసుకుంటూ మెట్లు దిగుతారు.

ఏ బొమ్మకు అభిమానులు ఎక్కువ?

ఇక్కడే గొడవలు మొదలవుతాయి. ముందు మా గుంపు పెట్టుకున్న పేర్లు చెప్పాలి, లేకపోతే మా మాటలు మీకు అర్థం కావు.

బ్లేడ్‌ను మేము కత్తిసామి అంటాం. తెల్లటి పాలిపోయిన మొహం, నల్ల టోపీ, పొడుగు కోటు, ఒక చేతికి కత్తి, రెండో చేతికి కొక్కెం. ఈ మొహానికి నమూనా జర్మన్ నటుడు క్లాస్ కిన్‌స్కీ అని అభిమానులందరూ చెప్పుకునే మాట. ష్మోలర్ 1986లో ఆయనతో ఒక చిత్రం తీసి నానా బాధలూ పడ్డాడన్నది మాత్రం దర్శకుడే స్వయంగా చెప్పుకున్న సంగతి. ఓట్లు పెడితే ప్రపంచమంతటా గెలిచేది కత్తిసామే. అట్టల మీద ముందు నిలబడేదీ అతనే.

పిన్‌హెడ్ మా భాషలో గుండుసూది. తల నిమ్మకాయంత, చేతులు మాత్రం నిజం మనిషివి. కొన్ని షాట్లలో అవి నిజంగానే మనిషి చేతులు. తల లేకపోయినా వెతుక్కుని పెట్టుకోగల మొండిఘటం.

టన్నెలర్‌కు మేము పెట్టిన పేరు బోరుబావి. నెత్తిన బోరు యంత్రపు ములికి ఉంటుంది, తల వంచి దూసుకువస్తాడు. ఈ పేరు పెట్టింది కనిగిరి దగ్గరి మిత్రుడు. "మా పొలంలో ఎన్ని వందల అడుగులు వేసినా దుమ్మే వస్తుంది, వీడు అంగుళం వేస్తే చాలు, ధార వస్తుంది" అని అతను ఏటా అంటాడు. ఏటా నవ్వుతాం. పడమటి మెట్ట మనిషి నోటి నుంచి వచ్చినప్పుడే ఆ మాట పండుతుంది.

లీచ్ వుమన్ అంటే జలగమ్మ. నోటి నుంచి జలగలు కక్కుతుంది. ఆడవాళ్లలో ఈమెకు ఊహించనంత ఆదరణ ఉంది. మా చెల్లెలి మాట: "పాపం, ఆమెకు ఆయుధం అంటూ ఏమీ ఇవ్వలేదు, కడుపులో ఉన్నదే కక్కుతోంది." నేను దీని మీద చాలా రోజులు ఆలోచించాను.

జెస్టర్ మాకు కేతిగాడు. ఎవరినీ చంపడు. మొహం మూడు ముక్కలుగా చీలి, గిర్రున తిరిగి, ఒకసారి నవ్వుగా, ఒకసారి ఏడుపుగా, ఒకసారి కోపంగా నిలుస్తుంది. నా ఓటు ఇతనికే. ఎందుకో తోలుబొమ్మల ప్రశ్న దగ్గర చెబుతాను.

కంప్యూటర్ లేని రోజుల్లో బొమ్మలను ఎలా కదిలించారు?

చాలా భాగం చేత్తోనే. కింద నుంచి కడ్డీలు పట్టి ఆడించడం, తీగలు లాగి వేళ్లూ కనుబొమలూ కదిలించడం, బొమ్మ మొత్తం నడిచి కనిపించాల్సిన కొద్ది చోట్ల స్టాప్ మోషన్. బొమ్మల పని చూసింది డేవిడ్ అలెన్. స్టాప్ మోషన్ అంటే తెలియనివాళ్లకు: తెర మీద ఒక సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములు నడుస్తాయి. బొమ్మను వెంట్రుకవాసి జరపడం, ఒక ఫ్రేము తీయడం, మళ్లీ జరపడం, మళ్లీ తీయడం. బొమ్మ గది దాటేసరికి మనిషి నడుం వంగిపోతుంది. డబ్బు తక్కువ కాబట్టి అలాంటి షాట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తక్కినచోట్ల తలుపు సందులో కదిలే నీడ, మంచం కింద నుంచి సాగే చేయి, బల్ల చాటున పరుగెత్తే కాళ్లు, ఇంతే.

ఉదయగిరి నుంచి వచ్చే వడ్రంగి పెద్దాయన ఒకరు ఉన్నారు. నర్ది, బిక్కి కర్రలతో చెంచాలూ గరిటెలూ చెక్కే ఇంటివారు. ఆయన కథ పట్టించుకోరు. టూలాన్ బల్ల దగ్గర కేతిగాడి మొహానికి మెరుగులు దిద్దే దృశ్యం వచ్చినప్పుడు మాత్రం ముందుకు జరిగి కూర్చుంటారు. "ఆ ఉలి పట్టిన తీరు నటుడిది నాయనా, పనివాడిది కాదు" అన్నారు ఒకసారి. టూలాన్ వేషం వేసిన విలియం హిక్కీ మంచి నటుడని వాదించబోయాను. "నటుడే అంటున్నాను కదా" అన్నారు.

తోలుబొమ్మలాట చూసి పెరిగినవాళ్లకు ఇందులో కొత్తేముంది?

నన్నడిగితే, అలా పెరిగినవాళ్లకే ఇది ఎక్కువ అందుతుంది.

మా అమ్మమ్మగారి ఊరు కందుకూరు వైపు. వానలు మొహం చాటేస్తే విరాటపర్వం ఆడించేవారు. పందిరి గుంజలకు తెల్లటి పంచెలు కలిపి కట్టి, వెనక దీపాలు పెట్టి, తెర మీద బొమ్మలను ముళ్లతో గుచ్చి నిలబెట్టేవారు. నిలువెత్తు బొమ్మలు, మేకతోలును పలుచగా గీకి, రంగులు దిద్ది, చిల్లులు పొడిచినవి. ఆ చిల్లుల్లోంచి వెలుగు వస్తే నగలు మెరిసినట్టుండేది. యుద్ధం వచ్చినప్పుడు తెర వెనక కాళ్ల కింద చెక్కలు టకటకా మోగించేవారు. నాకు నిద్ర వచ్చే వేళకు సరిగ్గా జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు దిగేవాళ్లు. పురాణంతో సంబంధం లేదు, ఒకరినొకరు తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, ఊరి పెద్దనూ వదలరు. మనుషులు అంటే తన్నులు తినే మాటలన్నీ బొమ్మ అనేస్తుంది, బొమ్మే కదా అని అందరూ నవ్వుతారు.

ఒక రాత్రి తెర వెనక్కు వెళ్లి చూశాను. అక్కడ భీముడు లేడు. చెమటలు కారుతూ ఒక మనిషి రెండు చేతులతో రెండు బొమ్మలను ఆడిస్తూ, నోటితో పద్యం పాడుతూ, కాలితో చెక్క తొక్కుతున్నాడు. పక్కన పెట్టెలో కీచకుడు బోర్లా పడి ఉన్నాడు. అతన్ని చూసి వేసినంత భయం నాకు తెర ముందు ఎప్పుడూ వేయలేదు. ప్రాణం చేతిలో ఉంది, చేయి తీస్తే తోలు.

ఈ సినిమా ఆ సంగతిని తిరగేసింది. ఆడించే చేయి మొదటి పది నిమిషాల్లోనే చచ్చిపోతుంది, ప్రాణం మాత్రం బొమ్మలో మిగిలిపోతుంది. ఆడించేవాడు లేని బొమ్మ ఎవరి మాట వింటుంది? పెట్టె తెరిచినవాడి మాట వింటుంది, కొంతకాలం. మన భాషలో "కీలుబొమ్మ" అంటే సొంత బుద్ధి లేనివాడని తిట్టు. ఇందులో అయిదు కీలుబొమ్మలూ తమ యజమాని ఎలాంటివాడో మెల్లగా కనిపెడతాయి. అలా కనిపెట్టడానికి కారణం మేము కేతిగాడు అనే ఆ జెస్టరే, చంపడం చేతకానివాడు. "ఇందులో కీలుబొమ్మలు మనుషులే" అని మాలో ఒకాయన ప్రతిసారీ గంభీరంగా అంటాడు. మేము వినబడనట్టు కూర్చుంటాం.

టూలాన్ మంచివాడా, చెడ్డవాడా?

ఏ భాగం చూశారన్నదాన్ని బట్టి ఉంటుంది, అదే చిక్కు. మొదటి చిత్రంలో జాలిగొలిపే ముసలివాడు. రెండోదాంట్లో సమాధి నుంచి లేచివచ్చి బొమ్మల చేత హత్యలు చేయించే రాక్షసుడు. 1991లో వచ్చిన మూడోదాంట్లో, గై రోల్ఫ్ ఆ వేషం వేశాక, బెర్లిన్‌లో నాజీల మీద పగ తీర్చుకునే పెద్దమనిషి. అభిమానుల్లో ఎక్కువమందికి ఈ మూడోదే తలమానికం. జలగమ్మ ఆయన భార్య ఎల్సా అని, నాజీలు చంపాక ఆమె ప్రాణాన్నే బొమ్మలో నిలిపాడని అందులో తెలుస్తుంది. ఆ తరువాత మొదటి సినిమా మళ్లీ చూస్తే జలగలు అసహ్యంగా కనిపించవు. మా చెల్లెలు ఈ సంగతి తెలియకముందే ఆ మాట అంది, గమనించండి.

2018లో కొత్తగా తీసినదాంట్లో టూలాన్‌నే నాజీని చేశారు. ఊడో కియర్ ఆ వేషం వేశాడు. పాత వరసతో సంబంధం లేని వేరే లోకం అని సర్దిచెప్పారు. రక్తం, పనితనం అన్నీ దండిగా ఉన్నాయి. కుర్రవాళ్లకు నచ్చింది. మా వయసువాళ్లు రెండేళ్ల పాటు దాని గురించి ఎత్తితే గొంతు పెంచేవారు. బొమ్మలు నాజీల నుంచి పారిపోవడంతో మొదలైన కథ ఇది. తాత పోరాడినవాళ్ల కండువాయే మనవడు వేసుకుని వస్తే ఎలా ఉంటుందో అలా ఉంది నాకు.

చకీ కంటే ఇదే గొప్పదంటారా?

అనను. చకీ అనే హంతక బొమ్మతో 1988లో వచ్చిన చైల్డ్స్ ప్లే సినిమాగా దీనికన్నా చాలా బిగువైనది. కానీ చకీ బొమ్మ కాదు, బొమ్మలో దూరిన హంతకుడు. వాడు తిడతాడు, జోకులు వేస్తాడు. మన బొమ్మలకు మాట లేదు. మాట లేనివాళ్ల మీద పుట్టే ఇష్టం వేరు.

1939, 1941 లెక్క కుదరడం లేదేమిటి?

కుదరదు. మొదటి సినిమాలో టూలాన్ 1939లో చనిపోతాడు. మూడోది 1941లో జరుగుతుంది, అందులో నిక్షేపంగా బతికే ఉన్నాడు. అభిమానులు రకరకాల వివరణలు కుట్టారు. ఒకటీ అతకలేదు. తరువాతి భాగాలు రాసేవాళ్లు ముందు భాగాన్ని మరోసారి చూసి ఉండరన్నదే నా వివరణ.

ముగింపు ఏమిటి? (చూడనివాళ్లు ఈ జవాబు దాటేయండి)

నీల్ నిజంగా చనిపోలేదు. టూలాన్ రహస్యాన్ని దొంగిలించి, తనను తాను చంపుకుని, మళ్లీ లేచాడు. బొమ్మలతో హత్యలు చేయిస్తున్నదీ అతనే. ఇక ఈ కొయ్యముక్కలతో పని లేదు, మనుషుల మీదే ప్రయోగాలు చేస్తానంటూ కేతిగాడిని విసిరికొడతాడు. తక్కిన నాలుగు బొమ్మలూ చూస్తాయి. లిఫ్టులో జరిగే దాన్ని నేను వర్ణించను, వేళ్ల దగ్గర మొదలవుతుందని మాత్రం చెబుతాను. పదకొండేళ్లు తలంబ్రాలు చూసినవాడికి ఆ దృశ్యం ఎంత తృప్తినిచ్చిందో ఊహించుకోండి.

ఆఖరి షాట్‌లో నీల్ భార్య మేగన్, డేనా వెంట తెచ్చుకున్న గడ్డి కూరిన కుక్కకు ప్రాణం పోసి మెట్లెక్కుతుంది. దీని మీద మాకు ఇప్పటికీ తగువే. ఆవిడ చెడ్డదైపోయిందని సగం మంది అంటారు. ఒంటరిదైపోయిందని సగం.

మొత్తం ఎన్ని ఉన్నాయి? ఏ వరసలో చూడాలి?

పదిహేను దాకా ఉన్నాయి, పక్క కథలతో కలిపి. ఒకటి, మూడు, రెండు, ఆపైన నాలుగు, అయిదు ఒకే రాత్రి. అక్కడితో ఆగండి. 2003లో వచ్చినదైతే సగానికి పైగా పాత సినిమాల ముక్కలే, నిన్నటి కూరకు మళ్లీ తాలింపు. తరువాతి వాటిలో బొమ్మలను ఊరికే అటూ ఇటూ ఊపేస్తారు, కడ్డీ పట్టిన చేతిలో శ్రద్ధ లేదు. డబ్బు లేకపోవడం తప్పు కాదు. మొదటిదానికీ లేదు.

ఇంగ్లీషు అంతగా రాదు. అర్థమవుతుందా?

అవుతుంది. ముఖ్యమైనవాళ్లు ఎవరూ మాట్లాడరు. మా మేడ మీదైతే ఒక రిటైర్డు డ్రిల్లు మాస్టారు తెలుగులో వ్యాఖ్యానం చెబుతారు, హార్మోనియం ఒక్కటే తక్కువ. అసలు కథకూ ఆయన చెప్పే కథకూ ఏటేటా దూరం పెరుగుతోంది.

పిల్లలను తీసుకురావచ్చా?

వద్దు. రక్తం ఉంది, పడకగది దృశ్యాలు ఉన్నాయి. మా నాన్న చేసిన పొరపాటు మీరు చేయకండి.

తోలుబొమ్మలతో మన దగ్గర ఇలాంటి సినిమా తీస్తే?

ఏటా ఎవరో ఒకరు ఈ ఆలోచనతో వస్తారు. కత్తులు పట్టిన తోలుబొమ్మలు, పల్లెటూరు, అమావాస్య. నాకు నచ్చదు. ఆట మొదలు పెట్టేముందు వినాయకుడిని తెర మీదకు తెచ్చి పూజ చేసే కళ అది. ఆడించే కుటుంబాలు అసలే తగ్గిపోయాయి, మిగిలినవాళ్లలో చాలామంది బొమ్మలు వదిలి తోలు దీపపు గొట్టాలు, గోడ అలంకరణలు చేసి అమ్ముకుంటున్నారు. వాళ్ల బొమ్మలను హంతకులను చేసి మనం సంపాదించేదేమిటి?

కానీ తప్పదు, తీయాల్సిందే అంటే కత్తులు పెట్టకండి. తెర కట్టి ఉంటుంది, దీపం వెలుగుతుంటుంది, చెక్కల చప్పుడు వినిపిస్తుంది, బంగారక్క జుట్టుపోలిగాడిని తిడుతూ ఉంటుంది, ఊరంతా నవ్వుతూ ఉంటుంది. ఒక పిల్లవాడు తెర వెనక్కు వెళ్తాడు. అక్కడ ఎవరూ ఉండరు. అంతవరకు తీస్తే చాలు, నా పది రూపాయలు ముందుగా ఇచ్చేస్తాను.

మీ గదిలో వేలాడే ఆ బొమ్మ ఏమిటి? రాత్రిళ్లు భయం వేయదా?

జుట్టుపోలిగాడు. అమ్మమ్మ ఊళ్లో ఆట ఆడిన కుటుంబం నుంచే కొన్నాను. కుడి మోచేతి కీలు దగ్గర దారం తెగింది, అంచులు ముడుచుకుపోయాయి. సినిమా వేసిన రాత్రి మా ఆవిడ దాన్ని గోడవైపు తిప్పి పెడుతుంది, పొద్దున్నే నేను ఇటు తిప్పుతాను. నా భయమంతా ఎలుకల గురించే. తోలు వాసనకు వస్తాయి, కార్తీకం చెమ్మకు బూజు కూడా పడుతుంది. వేపాకు మధ్య చుట్టి పెట్టమని ఆ కుటుంబంలో పెద్దాయన చెప్పారు. వచ్చేటప్పుడు ఎవరైనా ఊరి నుంచి నాలుగు వేపరెమ్మలు తెస్తే మంచిది, మా వీధిలో ఉన్న ఒక్క చెట్టునూ మొన్న కొట్టేశారు.